బాయిసీకి పంచిన ముక్కలు



ఇవాళ మీకు ఒక పేకాట సంగతి చెబుతాను. ఆట జరిగింది దక్షిణ లండన్‌లో. పేదవాళ్లుండే పేట, పేరు పెకమ్. అక్కడ అంతస్తుల మీద అంతస్తులు లేచిన ఒక ప్రభుత్వ భవనం. అందులో సామాన్లతో కిక్కిరిసిన ఒక ఫ్లాట్. ఆ ఫ్లాట్‌లో బల్ల చుట్టూ స్నేహితులు కూర్చున్నారు. స్నేహితులే గానీ పందెం మాత్రం స్నేహంగా లేదు. ఆ రాత్రి గడిచేసరికి ఒకడి దగ్గర ఉన్నదంతా ఊడ్చుకుపోయేంత పెద్ద పందెం అది.

ఆ మనుషులు నిజం మనుషులు కారు. బీబీసీ టెలివిజన్‌లో వచ్చిన 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' అనే హాస్య ధారావాహికలోని పాత్రలు. ఆ భాగం పేరు 'ఎ లూజింగ్ స్ట్రీక్'. మొదటిసారి ప్రసారమైంది 1982 నవంబరు 4న. నలభై ఏళ్లు దాటిపోయాయి. ఇప్పటికీ బ్రిటన్‌లో ఆ ఆట గురించి ఒక్క ముక్క అంటే చాలు, అవతలివాళ్లు చివరి మాట అందుకుంటారు.

పేకాట అనగానే మీలో కొందరికి మనసు చివుక్కుమంటుంది. నాకు తెలుసు. పేకాట మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు గుల్ల చేసిందో మీకు నేను చెప్పాలా? జూదాన్ని మెచ్చుకోవడానికి నేను మీ ముందుకు రాలేదు. ఒక మనిషికి తన స్నేహితుడు ఎంత బాగా తెలుసో చూపించడానికి ఒక రచయిత పేకముక్కల్ని ఎలా వాడుకున్నాడో చెప్పడానికి వచ్చాను. ఆ మాట మనసులో ఉంచుకోండి. ఒక మనిషికి తన స్నేహితుడు ఎంత బాగా తెలుసు? ఆటంతా దాని మీదే నడిచింది.

ముందు మనుషుల్ని పరిచయం చేస్తాను. ఎక్కువమంది లేరు.

మొదటివాడు డెల్. పూర్తి పేరు డెరెక్ ట్రాటర్. పేటలో అందరికీ డెల్ బోయ్. సంతలో పెట్టె తెరిచి సరుకు అమ్ముకునే మనిషి. ఆ సరుకు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే జవాబు ఉండదు. పన్ను కట్టడు. లైసెన్సు లేదు. ఒక పసుపుపచ్చ వ్యాను ఉంది, మూడు చక్రాలది. దాని మీద మూడు ఊళ్ల పేర్లు రాయించుకున్నాడు. న్యూయార్క్, పారిస్, పెకమ్. ఆ వరస చూస్తేనే మనిషి అర్థమైపోతాడు. వచ్చే ఏడాది ఈపాటికి మనం కోటీశ్వరులమని తమ్ముడికి చెబుతూ ఉంటాడు. ఏళ్ల తరబడి చెబుతూనే ఉంటాడు.

ఆ తమ్ముడి పేరు రాడ్నీ. అన్న కన్నా చాలా చిన్నవాడు. తల్లి చనిపోయేనాటికి రాడ్నీ పసివాడు. తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అప్పటినుంచి డెల్‌ తమ్ముడికి అన్నా తానే, నాన్నా తానే. ఇంట్లో తాత కూడా ఉన్నాడు. టీవీ ముందునుంచి లేవని తాత. ముగ్గురు మగవాళ్లు, ఒక ఫ్లాటు. ఆ ఇంటికి సంపాదించి పెట్టేది డెల్ ఒక్కడే. ఇది కూడా గుర్తుంచుకోండి. డెల్ పందెం కాస్తే, వాడొక్కడి సొమ్మే కాదు బల్ల మీదికి వచ్చేది.

ఇక ఎదుటివాడు బాయిసీ. పాత కార్ల వ్యాపారి. డబ్బున్నవాడు, డబ్బుందని అందరికీ తెలియాలనుకునేవాడు. సన్నని మీసం, ముక్కులోంచి వచ్చే గొంతు, అవతలివాణ్ణి చిన్నబుచ్చే నవ్వు. డెల్ ఎక్కడ పుట్టి పెరిగాడో బాయిసీ కూడా అక్కడివాడే. కాకపోతే వాడు ఒక మెట్టు ఎక్కాడు. ఎక్కాక కింద ఉన్నవాళ్లను చూడటం వాడికి ఇష్టం. అందుకే వాడు పాత స్నేహితుల్ని వదిలిపెట్టడు. వాళ్లు లేకపోతే తన ఎత్తు ఎవరికి కనబడుతుంది?

ఇంకొకడు ట్రిగ్గర్. వీధులు ఊడ్చే మనిషి. మంచివాడు, నెమ్మదివాడు. రాడ్నీని మొదటినుంచి చివరిదాకా డేవ్ అనే పిలుస్తాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ట్రిగ్గర్ బల్ల దగ్గర ఉంటే ఎంత ఉద్రిక్తమైన ఆటలోనైనా ఒక్కసారి ఊపిరి తీసుకోవచ్చు.

మనుషులు తెలిశారు. ఇప్పుడు కాలం గురించి ఒక్క మాట. 1982. బ్రిటన్‌లో ఆ ఏడాది జనవరిలోనే నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. ప్రభుత్వం మాత్రం ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడండి, వ్యాపారం చేసుకోండి అంటోంది. డెల్ ఆ మాటను నిజంగా నమ్మిన మనిషి. చేతిలో పెట్టుబడి లేకుండానే వ్యాపారి అయిపోయాడు. బాయిసీకి ఆ రోజుల్లో కలిసొచ్చింది. డెల్‌కు రాలేదు. కాబట్టి వాళ్లిద్దరూ ఒక బల్లకు అటూ ఇటూ కూర్చున్నప్పుడు మధ్యలో ఉన్నది డబ్బొక్కటే కాదు. ఒకే వీధిలో పెరిగిన ఇద్దరిలో ఎవడు పైన, ఎవడు కింద అన్నది కూడా అక్కడే ఉంది.

ఇది రాసిన మనిషి పేరు జాన్ సల్లివన్. దక్షిణ లండన్‌లోనే, బాలమ్‌లో, 1946లో పుట్టాడు. తండ్రి పైపులు బిగించే పనివాడు. సల్లివన్ పదిహేనేళ్లకే బడి మానేశాడు. చేతిలో ఒక్క సర్టిఫికెట్టు లేదు. కానీ ఆ బడిలో ఒక ఇంగ్లిషు మాస్టారు డికెన్స్ నవలల్ని గొంతు మార్చి మార్చి పైకి చదివి వినిపించేవాడు. ఆ పాత్రలు పిల్లవాడి చెవుల్లో ఉండిపోయాయి. తర్వాత బీబీసీలో సెట్టింగులు మోసే పనికి చేరాడు. మోస్తూ, చూస్తూ, రాయడం నేర్చుకున్నాడు. పెకమ్ మనుషుల గురించి రాసేటప్పుడు సల్లివన్ దూరంనుంచి చూసి రాయలేదు. ఆ బేరాలు, ఆ గొప్పలు, ఆ అప్పులు అతనికి చిన్నప్పటినుంచి తెలిసినవే. అందుకే డెల్‌ను మోసగాడిగా చూపిస్తూనే, మనం వాణ్ణి తిట్టుకోకుండా చేయగలిగాడు.

సరే, ఆట దగ్గరికి వద్దాం.

మనకు రమ్మీ తెలుసు. మూడు ముక్కలాట తెలుసు. పోకర్ కొందరికి తెలియకపోవచ్చు. రెండు మాటల్లో చెబుతాను. ఒక్కొక్కరికి అయిదేసి ముక్కలు పంచుతారు. అక్కర్లేనివి పడేసి వాటి బదులు కొత్తవి తీసుకోవచ్చు. ఎవరి ముక్కలు వాళ్లే చూసుకుంటారు. పందెం కాస్తారు, పెంచుతారు. భయపడ్డవాడు ముక్కలు పడేస్తాడు. ధైర్యం ఉన్నవాడు డబ్బు తోస్తాడు. చివరికి ముక్కలు తిప్పి చూపిస్తారు. ఒక జత కన్నా రెండు జతలు గొప్ప. రెండు జతల కన్నా చాలా గొప్పది నాలుగూ ఒకటే రావడం. నాలుగు రాణులు, నాలుగు రాజులు, అలాగన్నమాట. నాలుగు రాజుల్ని నాలుగు ఆసులు కొడతాయి.

ఇక్కడ మనకూ ఒక చిన్న సంబంధం ఉంది, చెప్పి ముందుకు వెళతాను. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తీర్పు చెప్పింది. అదే తీర్పులో మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం మీద నడిచే ఆట అంది. అక్కడ ఆ ఆటకు వాడిన పేర్లలో బ్రాగ్ ఒకటి. బ్రాగ్ ఇంగ్లండు వాళ్ల పాత ఆట. మన మూడు ముక్కలాట దాని బిడ్డే. పోకర్‌కూ దానికీ చుట్టరికం ఉంది. చేతిలో ఏముందో దాచి, లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనబడటం ఈ ఆటలన్నిటికీ ప్రాణం.

అంటే పోకర్‌లో రెండు ఆటలు ఒకేసారి జరుగుతుంటాయి. ఒకటి ముక్కలతో. రెండోది ముఖాలతో. ఈ రెండోదాన్ని జాగ్రత్తగా గమనిస్తే మీకు మిగతా కథంతా అర్థమవుతుంది.

కథ మొదట్లోనే డెల్ ఓడిపోతూ ఉంటాడు. బాయిసీ చేతిలో వరుసగా ఓడిపోతున్నాడు. ఒకసారి ఓడితే అదృష్టం అనుకుంటాం. రెండుసార్లు ఓడితే గ్రహచారం అనుకుంటాం. అదే పనిగా ఒకే మనిషి గెలుస్తుంటే ఏమనుకోవాలి? ఇంట్లోవాళ్లు మానేయమంటారు. డెల్ మానడు. జూదంలో పోయినవాడు ఎలా మాట్లాడతాడో మీరు వినే ఉంటారు. ఇంకొక్క ఆట. పోయిందంతా ఒక్క దెబ్బతో తిరిగొస్తుంది. డెల్ కూడా అచ్చం అలాగే మాట్లాడతాడు. వినేవాళ్లకు వాడు మునిగిపోతున్న మనిషిలా కనబడతాడు.

ఆఖరి ఆట డెల్ ఇంట్లోనే. బల్ల వేశారు. సిగరెట్ల పొగ, గ్లాసుల్లో మందు. ఆట సాగుతున్నకొద్దీ మిగిలినవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటారు. చివరికి ఇద్దరే మిగులుతారు. డెల్, బాయిసీ. బాయిసీ పెంచుతాడు. డెల్ పెంచుతాడు. మళ్లీ బాయిసీ. డబ్బున్నవాడు పెంచడానికి ఏముంది? డెల్ మాత్రం తన దగ్గరున్నదంతా ఒడ్డాల్సి వస్తుంది.

ఆ ఘట్టం చూస్తుంటే తెలుగువాడికి ఎవరికైనా సభాపర్వం గుర్తుకొస్తుంది. ధర్మరాజు ఒక్కొక్కటిగా ఒడ్డుతూ పోయిన ఆ సభ. ఎదురుగా శకుని. పక్కన నోరెత్తలేని తమ్ముళ్లు. ఇక్కడ రాడ్నీ తమ్ముడు. వాడి ముఖంలో అదే నిస్సహాయత. అన్న ఇల్లంతా ముంచేస్తున్నాడని వాడికి తెలుస్తోంది. ఆపలేడు. మనమూ ఆపలేం. మనకు డెల్ చేతిలో ఏముందో తెలియదు. దర్శకుడు మనకు చూపించడు. రచయిత మనకు చెప్పడు. రాడ్నీకి ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు.

ఇప్పుడు ముక్కలు చూపించే సమయం వచ్చింది.

బాయిసీ తన చెయ్యి తిప్పాడు. నాలుగు రాజులు.

ఒక్క క్షణం ఆగండి. అయిదు ముక్కలు పంచితే ఆ పంపకంలోనే నాలుగూ ఒకటే పడటం ఎంత అరుదో తెలుసా? సుమారు 4,000 సార్లు పంచితే ఒక్కసారి. కొన్ని మార్చుకుని కొత్తవి తీసుకునే వీలుంది కాబట్టి కాస్త ఎక్కువసార్లు రావచ్చు. అయినా జీవితమంతా ఆడినా చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నిసార్లే వస్తుంది. అలాంటి చెయ్యి బాయిసీకి సరిగ్గా అవసరమైన రోజే వచ్చింది. వాడు గెలిచేశాడు. వాడి ముఖంలో ఆ ధీమా కనబడుతోంది.

డెల్ వైపు చూశారు అందరూ. డెల్ నీరసంగా ఒక మాట అన్నాడు. నా దగ్గర రెండు జతలే ఉన్నాయన్నాడు.

రెండు జతలు! అంతే! ఇంత పందెం కాసింది రెండు జతల మీదా? రాడ్నీ గుండె జారిపోయింది. బాయిసీకి నవ్వు ఆగలేదు. చూస్తున్న మనకూ కడుపులో ఏదో కలుక్కుమంది.

అప్పుడు డెల్ ముక్కలు పరిచాడు. మొదటి జత, ఆసులు. రెండో జత. అవీ ఆసులే.

నాలుగు ఆసులు.

శ్రోతలారా, ఆ నవ్వు అక్కడితో ఆగిపోతుందని మీరనుకుంటారు. మామూలు రచయిత అయితే అక్కడే ఆపేస్తాడు. ఓడిపోతున్నవాడు గెలిచాడు, జనం చప్పట్లు కొట్టారు, చాలు కదా. సల్లివన్ ఆపలేదు. ఆ తర్వాత వచ్చే రెండు చిన్న మాటల కోసమే ఆ భాగమంతా రాశాడని నా నమ్మకం.

బాయిసీ మండిపడ్డాడు. ఆ నాలుగు ఆసులు నీకెక్కడివి అని అడిగాడు. డెల్ తడుముకోలేదు. నీకు ఆ రాజులు ఎక్కడినుంచి వచ్చాయో ఇవీ అక్కడినుంచే వచ్చాయన్నాడు. నువ్వు తొండి ఆడుతున్నావని నాకు తెలుసన్నాడు. ఎలా తెలుసని బాయిసీ నోరు జారాడు. అప్పుడు డెల్ చెప్పాడు. నేను నీకు పంచిన ముక్కలు ఇవి కావు కదా, అన్నాడు.

నేను నీకు పంచిన ముక్కలు ఇవి కావు.

ఇది మరోసారి నిదానంగా చెప్పుకుందాం. ఒక్కసారి వింటే జారిపోతుంది. ముక్కలు పంచింది ఎవరు? డెల్. పంచేటప్పుడే బాయిసీకి ఏ ముక్కలు వెళ్లాలో డెల్ ముందే అమర్చాడు. కాబట్టి బాయిసీ చేతిలో ఏమున్నాయో బాయిసీ చూసుకోకముందే డెల్‌కు తెలుసు. బాయిసీ ఏం చేశాడు? ఆ ముక్కల్ని మాయం చేసి, తాను దాచుకున్న రాజుల్ని బయటికి తీశాడు. రాజులు బల్ల మీద పడ్డ మరుక్షణం డెల్‌కు రుజువు దొరికింది. బాయిసీ తొండి బయటపడింది డెల్ తొండి వల్లే. ఒక దొంగను ఇంకో దొంగ పట్టుకున్నాడు. పైగా బాయిసీ ఎవరికీ ఫిర్యాదు చేయలేడు. నాకు వేరే ముక్కలు పంచావు అంటే, మరి ఈ రాజులెక్కడివి అంటారు.

ఆ ఒక్క మాట విన్నాక మనకు వెనక్కి వెళ్లి అంతా మళ్లీ చూడాలనిపిస్తుంది. డెల్ మునిగిపోతున్న మనిషి కాదు. వాడు ఎర వేశాడు. ఓడిపోయినవాడి మాటలు, ఇంకొక్క ఆట అనే బతిమాలాట, ఆ నీరసపు గొంతు, అన్నీ బాయిసీ కోసం. డెల్‌కు ఒక విషయం బాగా తెలుసు. బాయిసీ గెలుస్తున్నప్పుడు జాగ్రత్తగా ఉండడు. కింద ఉన్నవాడు ఇంకా కిందికి పోతుంటే చూడటం వాడికి ఎంత ఇష్టమంటే, ఆ సంబరంలో వాడికి ఇంకేం కనబడదు. డెల్ ఆ బలహీనత మీద పందెం కాశాడు. ముక్కల మీద కాసి ఉంటే మిగిలేవాడు కాదు.

మన స్నేహితులు మనకు తెలుసని అందరం అనుకుంటాం. ఎవడు ఎప్పుడు అబద్ధమాడతాడో, ఎవడు ఏ మాటకు పొంగిపోతాడో, ఎవడి చేతికి డబ్బు తగిలితే గొంతు మారుతుందో చెప్పగలం. చిన్నప్పటినుంచి కలిసి తిరిగినవాళ్ల దగ్గర ఇలాంటివి దాగవు. డెల్ ఆ రాత్రి బాయిసీ ముందు కూర్చున్నప్పుడు, వాడి చేతిలో అసలైన ముక్క ఇదే. బయటివాడితో ఆడి ఉంటే డెల్ ఇంత ధైర్యం చేసేవాడా? చేసేవాడు కాదు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. డెల్ కూడా తొండి ఆడాడు కదా? మరి మనం వాడి పక్షాన ఎందుకు నిలబడుతున్నాం?

నేను దీని గురించి చాలా ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. బాయిసీకి ఆ డబ్బు అక్కర్లేదు. వాడికి కార్లున్నాయి, ఇల్లుంది. అయినా పేటలో పాత స్నేహితుణ్ణి, తమ్ముణ్ణీ తాతనూ పోషిస్తున్న మనిషిని, తొండితో ఒలుస్తున్నాడు. అదీ ఒకసారి కాదు. డెల్ తొండి తనను ఒలిచినవాడి మీదే. తన సొమ్ము తాను తిరిగి తెచ్చుకోవడానికే. న్యాయశాస్త్రం ప్రకారం ఇద్దరూ ఒకటే కావచ్చు. పేట న్యాయంలో ఒకటి కాదు. సల్లివన్ ఆ పేట న్యాయం తెలిసినవాడు. చూసేవాళ్ల మనసు ఎటు మొగ్గుతుందో అతనికి ముందే తెలుసు.

ఇంకో సంగతి. డెల్ బాయిసీని పోలీసులకు పట్టివ్వడు. కొట్టడు. స్నేహం తెంచుకోడు. బల్ల మీద గెలిచాడు, అంతే. ఆ తర్వాతి భాగాల్లో ఇద్దరూ మళ్లీ నాగ్స్ హెడ్ అనే ఆ పాత పబ్బులో పక్కపక్కనే నిలబడి తాగుతారు. మళ్లీ గొప్పలు చెప్పుకుంటారు. మళ్లీ ఒకరినొకరు బేరాల్లో ముంచాలని చూస్తారు. అలా ఏళ్లకేళ్లు. అవతలివాడు తొండి ఆడతాడని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా కలిసి కూర్చుంటారు. నాకు ఆ పోకర్ ఆట కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. తప్పు చేసిన స్నేహితుణ్ణి గీత అవతల పడేయకుండా, వాడి తప్పుతో సహా మళ్లీ పక్కన కూర్చోబెట్టుకోవడం అందరివల్లా కాదు.

నటుల గురించి చెప్పకపోతే అన్యాయం. డెల్‌గా వేసింది డేవిడ్ జేసన్. మొదట నిర్మాతల మనసులో ఉన్నది ఆయన కాదు. ఆ పాత్ర కోసం వేరేవాళ్లను అడిగారు. వాళ్లలో ఒకరైన జిమ్ బ్రాడ్‌బెంట్ తర్వాత ఇదే ధారావాహికలో డెల్‌ను వేధించే పోలీసు అధికారిగా కనిపించాడు. డేవిడ్ జేసన్ దగ్గర ఒక విద్య ఉంది. ఓడిపోయినవాడి ముఖం పెట్టగలడు. ఈ ఘట్టానికి అదే ఆయువుపట్టు. ముక్కలు పరిచే క్షణం ముందువరకు ఆ ముఖంలో గెలుపు తాలూకు గీత ఒక్కటి కూడా కనబడకూడదు. కనబడితే బాయిసీ అనుమానిస్తాడు. మనమూ అనుమానిస్తాం. అప్పుడు ఆఖరి మాట తుస్సుమంటుంది. నటుడు ఒకేసారి ఇద్దరిని నమ్మించాలి. ఎదురుగా కూర్చున్న బాయిసీని, ఇళ్లలో కూర్చున్న జనాన్ని.

బాయిసీగా వేసింది జాన్ చాలిస్. సల్లివన్ అంతకుముందు రాసిన 'సిటిజన్ స్మిత్'లో ఆయన ఒక పోలీసు ఇన్‌స్పెక్టరుగా వేశాడు. ఆ మాట తీరు సల్లివన్‌కు నచ్చింది. దాచుకున్నాడు. తర్వాత బాయిసీకి ఇచ్చాడు. అహంకారం ఉన్న పాత్రలు వేసేవాళ్లు చాలామంది ఆ పాత్రను మనం అసహ్యించుకునేట్టు వేస్తారు. చాలిస్ అలా వేయలేదు. బాయిసీ ఓడిపోయినప్పుడు మనకు కాస్త జాలి వేస్తుంది. ఆ జాలి లేకపోతే ఇరవై ఏళ్లు ఆ పాత్రను ఎవరూ భరించరు. బాయిసీకి ఎంత ఆదరణ వచ్చిందంటే, 2005లో అతనికీ అతని భార్య మార్లీన్‌కీ విడిగా ఒక ధారావాహికే రాశాడు సల్లివన్.

ఇంత చెప్పాక మీరు అనుకోవచ్చు, ఇది మొదటినుంచీ జనం నెత్తిన పెట్టుకున్న ధారావాహిక అని. కాదు. 1981లో మొదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండో విడతలోది మన పేకాట. ఆ విడతను 1983లో పునఃప్రసారం చేసినప్పుడు జనం గుమికూడారు. అక్కడినుంచి ఇక వెనుదిరిగి చూడలేదు. 1996 క్రిస్మస్ రోజుల్లో వచ్చిన ఒక భాగాన్ని 2 కోట్ల 43 లక్షలమంది చూశారు. బ్రిటన్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరికన్నా ఎక్కువమంది అన్నమాట. మొదటి ఏడాది అంకెలు చూసి బీబీసీ దీన్ని ఆపేసి ఉంటే మనకు ఈ నాలుగు ఆసులు ఉండేవి కావు. హాస్యానికి జనం అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. పాత్రలు ఇంటివాళ్లయ్యాకే వాళ్ల మాటకు నవ్వొస్తుంది. కొత్త ధారావాహిక రెండు వారాల్లో నవ్వించకపోతే తీసిపారేసే ఈ రోజుల్లో ఆ ఓపిక గురించి ఎవరైనా గట్టిగా అడగాలి. నేను అడుగుతున్నాను.

ఇంకొక్క మాట, ఆ బల్ల గురించి. పెద్ద పెద్ద సినిమాల్లో పోకర్ ఆటలు మీరు చూసే ఉంటారు. మిలమిలలాడే దీపాలు, కోట్ల డబ్బు, నల్లకోట్లు. ఆ ఆటలు చూస్తుంటే నాకు ఏమీ అనిపించదు. అక్కడ ఓడినవాడు రేపు ఇంకో కోటి తెస్తాడు. పెకమ్‌లో ఆ ఫ్లాట్‌లో బల్ల మీద ఉన్నది చిన్న మొత్తమే. కానీ అది పోతే రేపు ఉదయం ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు ఏం తింటారన్నది ప్రశ్న. పందెం పెద్దదో చిన్నదో నోట్ల కట్టను బట్టి తెలియదు. పోయాక ఏం మిగులుతుందో చూస్తే తెలుస్తుంది. సల్లివన్ బీదరికంలో పెరిగినవాడు కాబట్టి ఆ లెక్క తప్పలేదు.

జాన్ సల్లివన్ 2011లో కన్నుమూశాడు. ట్రిగ్గర్‌గా నవ్వించిన రోజర్ లాయిడ్ ప్యాక్ 2014లో, బాయిసీ జాన్ చాలిస్ 2021లో వెళ్లిపోయారు. తాతగా వేసిన లెనార్డ్ పియర్స్ ఈ ఆట ప్రసారమైన రెండేళ్లకే, 1984లో పోయాడు. ఆయన పోయినప్పుడు ఆ స్థానంలో ఇంకో నటుణ్ణి పెట్టి అదే తాత అని చెప్పొచ్చు. సల్లివన్ ఒప్పుకోలేదు. కథలోనే తాత చనిపోయినట్టు రాసి, అంత్యక్రియలు చూపించాడు. హాస్య ధారావాహికలో అంత్యక్రియలు! ఆ మనుషుల్ని అతను ఎంత నిజంగా చూసుకున్నాడో ఇంతకన్నా ఏం చెప్పగలం?

అవకాశం దొరికితే ఈ భాగం చూడండి. ఇంగ్లిషు మాట తీరు మొదట్లో కొంచెం కష్టంగా ఉంటుంది. దక్షిణ లండన్ యాస మరి. మాటలన్నీ అందకపోయినా ఫరవాలేదు, ముఖాలు అందుతాయి. మొదటిసారి చూసేటప్పుడు రాడ్నీ పక్కన కూర్చుని చూడండి, అంటే వాడికి తెలిసినంతే మీకూ తెలుసనుకుని. ఆఖరి మాట విన్నాక ఇంకోసారి మొదటినుంచి పెట్టుకోండి. ఈసారి బాయిసీ వైపు చూడొద్దు. ముక్కలు పంచుతున్న మనిషి వైపు చూడండి. ఓడిపోతున్నానని వాడు చెప్పే ప్రతి మాటా ఈసారి మీకు వేరేగా వినబడుతుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనీ కూర్చోబెట్టుకోండి, డెల్ చేతిలో ఏముందో ముందే చెప్పేయకండి.